మూలన పడ్డ మందులు

మూత్రంలో మంట అనగానే మన ఇళ్లలో ముందు వినబడే మాట "వేడి చేసిందిలే". బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, అయినా తగ్గకపోతే మందుల షాపు. ముప్ఫై ఏళ్లకు పైగా అక్కడ చీటీ లేకుండానే చేతికొచ్చే బిళ్ల ఒకే కుటుంబానిది: నార్‌ఫ్లాక్సాసిన్, లేదంటే దాని తమ్ముడు సిప్రోఫ్లాక్సాసిన్. ఇవాళ యూరిన్ కల్చర్ రిపోర్టులో ఈ పేర్ల ఎదురుగా 'ఆర్' అని పడుతోందంటే, అంటే రెసిస్టెంట్ అని, ఆ కుటుంబ చరిత్రలోకి వెళ్లాల్సిందే.

అంతకుముందు మందులు లేవని కాదు. 1890ల్లో జర్మన్ వైద్యుడు నికొలయర్ వాడుకలోకి తెచ్చిన మెథనమైన్, ఆమ్లగుణమున్న మూత్రంలో విడిపోయి ఫార్మాల్డిహైడ్‌గా మారేది. కాలేజీ ల్యాబుల్లో కప్పల్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లోని సరుకే అది! తర్వాత సల్ఫా మందులు, 1953లో నైట్రోఫ్యూరంటాయిన్ వచ్చాయి.

1962లో మలుపు. మలేరియా మందు క్లోరోక్విన్ తయారీలో మిగిలిన ఒక ఉపపదార్థం నుంచి అమెరికాలో జార్జ్ లెషర్ బృందం నాలిడిక్సిక్ యాసిడ్‌ను పట్టుకుంది. బ్యాక్టీరియా తన డీఎన్ఏ చుట్టలను సర్దుకునే గైరేజ్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. దానికి ఫ్లోరిన్ చేర్చాక పుట్టినవే జపాన్ నార్‌ఫ్లాక్సాసిన్, జర్మనీ సిప్రో. చవక, వేగం, నోటిమాత్ర. ఇంకేం, పాతవన్నీ మూలన పడ్డాయి.

సిప్రో ఎంత పారిందో హైదరాబాద్ శివార్లే చెప్పాయి. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. 2008లో అదే స్వీడన్‌లో, అంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందిన భారత సంతతి రోగి మూత్రంలోని బ్యాక్టీరియాలో, బలమైన యాంటీబయాటిక్‌లైన కార్బపెనెమ్ మందుల్ని సైతం ముక్కలుచేసే ఎన్‌డీఎమ్-1 ఎంజైము బయటపడింది. పేరులో 'న్యూఢిల్లీ' పెట్టారని మనవాళ్లు నొచ్చుకున్నారు. ఆ పట్టుదల మురుగు మీద చూపి ఉంటే బాగుండేదేమో.

ఇలా బ్యాక్టీరియా మందులకు మొండికెత్తాక వైద్యులు వెనక్కి తిరిగి చూశారు. నైట్రోఫ్యూరంటాయిన్ రక్తంలో పెద్దగా నిలవకుండా మూత్రంలోనే పోగవుతుంది, బ్యాక్టీరియాను ఒకేసారి పలుచోట్ల దెబ్బకొడుతుంది. స్పెయిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1969లో వెలుగుచూసిన ఫాస్ఫోమైసిన్‌దీ అదే కథ: మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు నీళ్లలో కలిపి ఒక్కసారి తాగే 3 గ్రాముల పొట్లం చాలు. మెథనమైన్ కూడా లేచొచ్చింది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 240 మంది మహిళలతో బ్రిటన్‌లో జరిపిన, 2022లో వెలువడిన అధ్యయనంలో అది రోజువారీ యాంటీబయాటిక్‌కు తీసిపోలేదు. వాడకం తగ్గడమే వీటికి కొంత కవచమైందని నా అంచనా. అయితే పివ్‌మెసిలినామ్ అనే మరో పాత మందు ఈ లెక్కకు లొంగదు. స్కాండినేవియాలో దశాబ్దాలుగా నిత్యం వాడుతున్నా పదును పోలేదు. అమెరికా దాన్ని 2024లో 'కొత్త' మందుగా అనుమతించింది!

నిజంగా కొత్తవీ ఉన్నాయి. చెన్నై ఆర్కిడ్ ఫార్మా కనిపెట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్, సెఫెపిమ్ ఇంజెక్షన్‌కు తోడుగా 2024లో అమెరికా అనుమతి పొందింది. ఎన్‌డీఎమ్ ముందు మాత్రం చేతులెత్తేస్తుంది. 2025 మార్చిలో వచ్చిన జెపోటిడాసిన్ బిళ్ల గురి మళ్లీ ఆ పాత గైరేజ్ మీదే, కాకపోతే సిప్రో అతుక్కునే చోట కాదు, పక్కన మరో చోట.

ప్లాజోమైసిన్ సంగతి వేరు. మొండి మూత్ర ఇన్ఫెక్షన్ల కోసం 2018 జూన్‌లో అనుమతి పొందిన ఇంజెక్షన్ ఇది. ఇలాంటి మందును వైద్యులు చివరి అస్త్రంగా దాచుకుంటారు, దాచుకోవాలి కూడా. దాచుకున్నది అమ్ముడుపోదు. ఏడాది తిరక్కుండానే, 2019 ఏప్రిల్‌లో, తయారీ సంస్థ అకేయోజెన్ దివాలా తీసింది. మందు హక్కుల్ని సిప్లా అమెరికా శాఖ కొనుక్కుంది.