చంద్రునిపై రెండవ మనిషి

నాగపూర్ నుండి ఆసన్‌సోల్ వరకు బెంగాల్-నాగపూర్ రైలుమార్గము 1891లో పూర్తియైనది. ఆ మార్గముననే బిలాస్‌పూర్ రైలుపట్టణముగా పెరిగినది. 1902లో తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగము ఆ సంస్థ అధీనమునకు వచ్చెను. 1931లో విజయనగరము నుండి రాయపూర్‌కు దారి యేర్పడెను. ఉద్యోగములకై తెలుగువారు నటు తరలిరి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఆ యూర నేటికిని తెలుగు వినబడుచున్నది.

రైలెక్కినవాడే దిగునని మన నమ్మకము. ఆల్జిస్ బుడ్రిస్ 1960లో ప్రకటించిన ‘రోగ్ మూన్’ అను ఆంగ్లనవలను అట్టి యూర చదివినచో ఆ నమ్మకము చలించును. అందు హాక్స్ అను శాస్త్రజ్ఞుని యంత్రము మనిషిని అణువణువునను పరిశీలించి, ఆ వివరములను చంద్రునికి పంపును. ఇచటి దేహము నశించును. అచట నొక ప్రతిరూపము, ప్రయోగశాలలో మరియొకటి లేచును. చంద్రునిపై నొక విచిత్రనిర్మాణమున మొదటివాడు చనిపోగా, ఆ మరణానుభవము భూమిమీదివానికి సంక్రమించును. తుదకు హాక్స్ తానే వెళ్లును. చంద్రునిపైనున్న హాక్స్, తన జీవితమును వేరొక హాక్స్ గడపుచున్నాడని యెరిగి, ప్రాణవాయువు తరుగువరకు అచటనే నిలిచిపోవును.

ఈ చిక్కు తెలుగువారికి క్రొత్త కాదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న మణికంధరుడు నలకూబరుని రూపమును, కలభాషిణి రంభ రూపమును దాల్చి కలిసికొందురు. ఎదుటివారు నిజమనియే యిరువురి నమ్మకము. అంతలో అసలు రంభ వచ్చి మాయారంభతో వాదమునకు దిగును. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వవిచారము’న సూరనను విమర్శించిరి, 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు ఈ కావ్యమును నవలగా భావించి ఆంగ్లమున వెలయించిరి.

సూరన లోకమున అసలు నిలిచియుండును; మాయ యెప్పటికైనను బయటపడును. బుడ్రిస్ లోకమున అసలు మిగులదు. మిగిలిన యిద్దరికిని జ్ఞాపకము లొక్కటే, హక్కును సమానమే.

రైలుపట్టణపు తెలుగును మనము సూరన కంటితో చూచి, నకలని తీసివేయుచుందుము. కాని విజయనగరమున మిగిలిన తెలుగు మాత్రము 1931 నాటిదా? అదియు మారినది. రెండును ఆనాటి భాషకు సమానవారసులే. అయినను బుడ్రిస్ కథ యొక హెచ్చరికను గూడ చేయుచున్నది. దూరమున నిలిచినవాడు తనను తలచువారు లేనిచో తనయూపిరినే లెక్కించుకొనుచు ముగియును. బిలాస్‌పూర్ తెలుగు బిడ్డ మాటాడగలిగియు చదువలేని దినము రాకమునుపే, మన రచనలు ఆ గుమ్మము చేరవలయును. అచటి రచనలును మన సాహిత్యచరిత్రలో చోటుచేసికొనవలయును.