మన చేతికొచ్చిన మీట (4వ భాగం)

పోయిన భాగంలో మూక్‌నాయక్ దగ్గర ఆగాం. 1920 జనవరి 31న బాబాసాహెబ్ ఆ పత్రిక మొదలుపెట్టారు. సాహూ మహరాజ్ 2,500 రూపాయలిచ్చారు. డబ్బులు కడతామన్నా దాని ప్రకటన వేసుకోడానికి కేసరి ఒప్పుకోలేదు. ఇవాళ అక్కణ్ణుంచి ఒక్కసారిగా డెబ్బై ఐదేళ్ళు దూకుతున్నా.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. మరుసటేడు, 1996లో, బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక దళిత విలేకరి కోసం వెతికాడు. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో గుర్తింపు జాబితాలో 686 పేర్లున్నాయి. ఆయనకి ఒక్క దళితుడూ దొరకలేదు. ఈ రెండు సంవత్సరాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

మరి కారంచేడు (1985 జులై 17), చుండూరు (1991 ఆగస్టు 6) వార్త పల్లెపల్లెకీ ఎట్లా చేరింది? పేపర్లు రాశాయి, కాదనను. కానీ మా పల్లెకి చేరింది కరపత్రం, పాట, బస్సెక్కి వచ్చి చెప్పిన మనుషులు. చుండూరు కరపత్రం మా నాయన మడతపెట్టి దాచాడు. ఆయనకి చదవడం రాదు.

నేను మొదటిసారి నెట్ సెంటర్ మెట్లెక్కింది 2004లో. గంటకి ఇరవై రూపాయలు. అప్పట్లో మా అమ్మకి అరపూట కూలి అంత. డీటీపీ అన్న దగ్గర అను ఫాంట్‌లో కొట్టించిన వ్యాసం హైదరాబాద్ పంపా. అవతల ఆ ఫాంట్ లేదు. "ఇదేం భాష తమ్ముడూ?" అని ఫోనొచ్చింది. మనకి తెరమీద తెలుగులా కనపడేది లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫాంట్ లేకపోతే అవన్నీ పిచ్చిగీతలే. పైగా ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంట్.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటుంది. చుండూరు జరిగిన ఏడాదే. మన కంప్యూటర్లలో అది సరిగ్గా కనపడటానికి మాత్రం పదేళ్ళపైనే పట్టింది. 2006లో లేఖిని వచ్చాక ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయగలిగాం. నేను అందులో మొదట కొట్టింది మా పల్లె పేరు. అందరూ ఫేస్‌బుక్ గురించీ స్మార్ట్‌ఫోన్ గురించీ చెప్తారుగానీ, నా లెక్కలో అసలు మలుపు ఇదే. ఎడిటరు, డీటీపీ, ప్రెస్సు, ఈ మూడు గుమ్మాలూ ఎక్కకుండా మన మాట బయటికొచ్చింది.

తర్వాతదంతా మీరు చూసిందే. హైదరాబాద్‌లో చదువుకునే పరిశోధకుల చేతిలో దళిత్ కెమెరా పుట్టింది. 2016 జనవరి 17న రోహిత్ వెళ్ళిపోతే, ఆ ఉత్తరం తెల్లారేసరికి దేశమంతా ఫోన్లలో తిరిగింది. అదే సెప్టెంబరులో జియో వచ్చింది. పల్లెల్లో కుర్రాళ్ళ చేతికి డేటా అందింది.

అయితే ఆ డేటా మనకొక్కరికే రాలేదు. 2022 మే 24న అమలాపురం గుర్తుందిగా? కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. జనాన్ని పోగేసింది వాట్సాప్ గ్రూపులేనని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత రోజుల తరబడి నెట్ ఆపేశారు. కాల్చినవాడి ఫోనూ, కాలిన ఇంటివాళ్ళ ఫోనూ ఒకేలా మూగబోయాయి. అక్కడి తమ్ముడొకడు ఫోటోలు పంపడానికి రాజమండ్రి దాకా బండి మీద వెళ్ళాడు.

నా సంగతీ చెప్పాలి. 2019లో ఒక రాత్రి ఎవరో కట్టగట్టుకుని రిపోర్టు కొట్టారు. నలభై పోస్టులు మాయమయ్యాయి, కులం పేరు రాశానని! ఏ వేదికో అనవసరం. అందులో మా మండలంలో జరిగిన దాడుల తేదీలు, సాక్షులు చెప్పిన మాటలు ఉన్నాయి. సగానికి నా దగ్గర నకలు లేదు. చెప్పినవాళ్ళలో ఇద్దరు పోయారు కూడా.

మా నాయన దాచిన కరపత్రం మాత్రం ట్రంకుపెట్టెలో అట్లాగే ఉంది. మడతల దగ్గర చిరిగింది, అంతే. మీ ఇళ్ళల్లో అట్లాంటివి ఉంటే ఫోటో తీయండి, కాగితం మాత్రం పారెయ్యొద్దు. వచ్చే భాగంలో ఆ కరపత్రాలు ఎవరు రాశారో, ఏ ప్రెస్సులో రాత్రిపూట అచ్చయ్యాయో చూద్దాం.