అలమరలోంచి పుస్తకం తీసే ముందు

స్కూల్ లైబ్రరీలోని పుస్తకం మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మాట ఎవరితో చెప్పాలి? లైబ్రేరియన్, ప్రిన్సిపాల్ కూర్చుని తేల్చుకోవలసిన ఈ వ్యవహారం ఒకసారి అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది.

న్యూయార్క్ రాష్ట్రం, లాంగ్ ఐలాండ్‌లోని ఐలాండ్ ట్రీస్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో జరిగిన కథ ఇది. 1975 సెప్టెంబరులో ముగ్గురు స్కూల్ బోర్డు సభ్యులు ఒక తల్లిదండ్రుల సంఘం సభకి వెళ్ళి, పిల్లలు చదవకూడని పుస్తకాలంటూ ఒక జాబితా తెచ్చుకున్నారు. నవంబరులో ఒక రాత్రి వారిలో ఇద్దరు హైస్కూల్ లైబ్రరీకి వెళ్ళి కార్డు కాటలాగు వెతికారు. జాబితాలోని తొమ్మిది పుస్తకాలు అక్కడ ఉన్నాయి. రిచర్డ్ రైట్ ‘బ్లాక్ బాయ్’, కర్ట్ వానెగట్ ‘స్లాటర్‌హౌస్ ఫైవ్’ వాటిలోవే.

1976 ఫిబ్రవరిలో బోర్డు సూపరింటెండెంటుతో, హైస్కూల్, జూనియర్ హైస్కూల్ ప్రిన్సిపాళ్ళతో సమావేశమై, ఆ పుస్తకాలన్నీ తీయించి తమ ఆఫీసుకి పంపమంది. అదీ అనధికారికంగానే. సూపరింటెండెంటు అభ్యంతరం చెప్పాడు. ఫిర్యాదు వస్తే కమిటీ వేసి పుస్తకం పరిశీలించే పద్ధతి మనకి ముందే ఉంది కదా అని గుర్తుచేశాడు. బోర్డు వినలేదు. తర్వాత నలుగురు తల్లిదండ్రులతో, నలుగురు స్కూల్ సిబ్బందితో కమిటీ వేసింది కానీ, ఆ కమిటీ ఉంచమన్న ఐదు పుస్తకాల్లో ఒక్కదాన్నే షరతు లేకుండా తిరిగి ఇచ్చింది.

1977లో స్టీవెన్ పికో, మరో నలుగురు విద్యార్థులు కోర్టుకెక్కారు. 1982 జూన్ 25న సుప్రీం కోర్టు 5-4 తేడాతో విద్యార్థుల వైపు మొగ్గింది. ఐదుగురూ ఒకే కారణం చెప్పలేదు కనుక తీర్పు బలం కొంత తగ్గింది. అయినా జస్టిస్ బ్రెనన్ రాసిన అభిప్రాయంలో ఒక మాట గమనించదగ్గది: ఉన్న పద్ధతిని పక్కనపెట్టి పుస్తకాలు తీయించిన తీరే బోర్డు ఉద్దేశం మీద అనుమానం కలిగిస్తోందన్నాడాయన. ఆ ఆగస్టులో బోర్డు పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది.

2021 తర్వాత ఇలాంటి గొడవలు చాలా రాష్ట్రాల్లో మళ్ళీ రేగాయి. మన పిల్లలు చదివేదీ ఈ లైబ్రరీల్లోనే. అభ్యంతరం చెప్పే హక్కు తల్లిదండ్రులుగా మనకీ ఉంది. ఆ మాట కాగితం మీద రాసి ఇస్తే లైబ్రేరియన్‌కి జవాబు చెప్పుకునే వీలుంటుంది, ప్రిన్సిపాల్‌కి రెండు వైపులా వినే అవకాశం ఉంటుంది. చెవిలో చెప్పిన మాటకి ఆ రెండూ ఉండవు.