ఎచ్చెర్ల కోడు, పర్లాకిమిడి గిడుగు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో, ఒకప్పుడు 21వ శతాబ్ది గురుకులం కోసం కట్టిన భవనాల్లో, నేడు శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. 2016లో ఆరంభమైనప్పుడు దీని విద్యార్థులు నూజివీడు ప్రాంగణంలో చదువుకున్నారు. దాని మూలకథ అంతకు ముందుది. 2008లో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వం నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మూడు ప్రాంగణాలు తెరిచి, పదో తరగతి మార్కులు చూసి పల్లెటూరి పిల్లలను ఆరేళ్ల చదువుకు చేర్చుకుంది. అప్పటి కులపతి ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్ రెడ్డి. ప్రతి విద్యార్థికీ ఒక లాప్‌టాప్. పాఠాలు చాలావరకు ముందే చిత్రించిన వీడియోలు.

పథకం గొప్పదే. కాని ఒక మెలిక ఉంది. నిన్నటిదాకా తెలుగులో చదువుకున్న పిల్లకు తెరమీది ఆచార్యుడు ఇంగ్లీషులో చెబుతాడు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి పదిసార్లు వినవచ్చు, నిజమే. పదకొండోసారి కూడా ఆయన ఆ మాటలే చెబుతాడు! చరిత్ర పాఠమైతే బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. ప్రోగ్రామింగుకు ఆ వీలు లేదు. చేత్తో రాసి, నడిపి, తప్పు తేలితే వెతకాలి.

ఆ వెతుకులాట జంటగానో గుంపుగానో సాగింది. 2020 మార్చిలో కళాశాలలు మూతపడి పిల్లలు ఇళ్లకు చేరాక, మా బంధువుల పిల్లల గుంపు నొకదానిని దగ్గరగా గమనించాను. ఒకరు పాలకొండ, ఒకరు ఆమదాలవలస, మరొకరు బొబ్బిలి, నాలుగో అమ్మాయి సాలూరు. రాత్రి తొమ్మిదికి గూగుల్ మీట్‌లో కలిసేవారు. ఒకరు తమ తెర చూపుతూ కోడు రాయాలి, మిగిలినవారు అడ్డు తగలాలి. సాలూరు అమ్మాయికి సిగ్నలు డాబామీదనే అందేది. అదీ పోతే తోటివారు ఫోనుతో తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవారు. కెంట్ బెక్ 1999లో పుస్తకం రాసి ప్రచారం చేసిన పద్ధతుల్లో ఇద్దరు కూర్చుని ఒక కోడు రాయడం ఒకటి. వీళ్లు ఆ పుస్తకం చూసి ఉండరు.

నన్ను ఆకట్టుకున్నది వారి భాష. "ఏటే, లూపు ఆగట్లేదేటి?" "ఐ ని పెంచనేదు కదేటి, అందుకే తిరుగుతంది." అనంతంగా తిరిగే లూపును ఇంతకంటే స్పష్టంగా వివరించిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

గిడుగు రామమూర్తి పంతులు 1863లో ఇదే సీమలో, పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని గ్రహించారు. ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. నోటనున్న భాషలోనే చదువు సాగాలన్న వాదాన్ని అక్కడినుంచి తెలుగుకు తెచ్చారు. విజయనగరంలో గురజాడ ఆయనకు తోడు నిలిచి, 1914లో గ్రాంథికవాదుల నిర్ణయానికి అసమ్మతి పత్రం రాశారు.

2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగు బోధనకు అనుమతి ఇచ్చింది. మంచిదే. అయితే ఆ పుస్తకాల్లో వేరియబుల్ "చరరాశి", ఫంక్షన్ "ప్రమేయము" అయి కూర్చుంటే, సాలూరు పిల్ల మొదట ఇంగ్లీషును, తరువాత ఈ గ్రాంథికాన్ని, రెంటినీ దాటాలి. ఐఐటీ బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ నాకు ఇంతకంటే నచ్చింది: చిన్న వీడియో, తెలుగులో గొంతు, చూస్తూనే పక్కన చేసి చూడమంటుంది. విజయనగరం జేఎన్‌టీయూ 2022లో గురజాడ పేరిట విశ్వవిద్యాలయమైంది. ఆ పేరు మోస్తున్నందుకైనా అక్కడివారు ఈ పుస్తకాల భాష గురించి ముందుగా మాట్లాడాలని నా కోరిక.

ఆ నలుగురి కోడులో వ్యాఖ్యలు మాత్రం నేటికీ తెలుగులోనే ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకచోట ఇలా ఉంది: "ఇక్కడ ముట్టుకోకండి, నిన్న రాత్రే సరయ్యింది."