ఫార్మ్‌డి విద్యార్థుల క్లినికల్ నైపుణ్యాల మూల్యాంకనం: తెలుగు ప్రాంతాల్లో ఓస్కీ పద్ధతి

ఉపోద్ఘాతం

ఆరేళ్ల ఫార్మ్‌డి కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో నిబంధనలు ఏర్పరిచింది. ఐదేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన విద్యార్థి వార్డులో మందుల మంచిచెడ్డలు చూడగలగాలన్నది దీని ఆశయం. మందు ఎలా వాడాలో రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు కూడా చెబుతున్నాయి.

రికార్డు, ఒక కేసు, వైవాతో ముగిసే ప్రాక్టికల్ పరీక్ష ఈ నైపుణ్యాన్ని సరిగా కొలవలేదు. ఒకరికి తేలికైన ఆస్తమా కేసు వస్తే, మరొకరికి నాలుగు జబ్బులున్న కిడ్నీ రోగి కేసు వస్తుంది. ఒక ఎగ్జామినర్ ధారాళంగా మార్కులు వేస్తే, మరొకరు అరమార్కుకూ వెనకాడతారు. ఓస్కీగా పేరుపొందిన స్టేషన్ల పరీక్ష ఈ అసమానతను తగ్గించగలదు. అయితే రోగికి ప్రాణాపాయం తెచ్చే తప్పుకూ, రోగి మాట్లాడే భాషకూ మార్కుల పట్టికలో తగిన చోటు ఇచ్చినప్పుడే అది మనకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

నేపథ్యం

స్కాట్లాండ్‌లోని డండీలో పనిచేసిన రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ పద్ధతిని వివరించారు. విద్యార్థులంతా అవే స్టేషన్లలో అవే పనులు చేస్తారు. గంట మోగగానే పక్క స్టేషన్‌కు మారతారు. ప్రతి స్టేషన్‌లోనూ ముందే రాసిపెట్టుకున్న ప్రమాణాల ప్రకారం మార్కులు పడతాయి. ఆరోగ్యవంతులకు జబ్బు లక్షణాలు నేర్పించి రోగులుగా కూర్చోబెట్టే పద్ధతిని హోవర్డ్ బారోస్ అమెరికాలో 1963లోనే మొదలుపెట్టారు. తర్వాత అది ఓస్కీలో భాగమైంది.

జార్జ్ మిల్లర్ 1990లో వైద్య సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో చేయడం. వైవా రెండో మెట్టు దగ్గర ఆగిపోతుంది, ఓస్కీ మూడో మెట్టును పరీక్షిస్తుంది. కెనడాలో ఫార్మసిస్టుల అర్హత పరీక్ష రెండో భాగంలోనూ ఈ పద్ధతే ఉంది.

స్టేషన్‌లో ఏం పరీక్షించాలి?

ఇన్సులిన్ స్టేషన్‌నే తీసుకుందాం. మన మార్కెట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. రోగి చేతిలో 100 యూనిట్ల మందు, 40 యూనిట్ల సిరంజి ఉన్నాయనుకుందాం. సిరంజిలో 20 గీత వరకు లాగితే వచ్చేది అర మిల్లీలీటరు. అందులో 50 యూనిట్లు ఉంటాయి, అంటే డోసు రెండున్నర రెట్లవుతుంది. ఇన్సులిన్ రకాలన్నీ వైవాలో అప్పజెప్పిన విద్యార్థి, బల్లమీద ఉన్న ఈ పొంతనలేని జతను గుర్తుపడతాడా? ఈ ప్రశ్నకు జవాబు స్టేషన్‌లోనే తేలుతుంది.

చిన్నపిల్లల డోసు కూడా ఇలాంటిదే. పది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 150 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇవ్వాలి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉండేదైతే 3 మిల్లీలీటర్లు. లెక్క వేశాక ఆ మందును కొలిచి తల్లికి చూపించడం కూడా పరీక్షలో భాగం కావాలి.

చెక్‌లిస్టు పరిమితి

పలకరించాడు, పేరు అడిగాడు, కృతజ్ఞత చెప్పాడు అంటూ ఒక్కోదానికి ఒక్కో మార్కు వేస్తే, డోసు తప్పు చెప్పిన విద్యార్థి కూడా మర్యాదల మార్కులతో గట్టెక్కుతాడు. అనుభవం పెరిగేకొద్దీ వైద్యులు చెక్‌లిస్టులోని ప్రతి అంశాన్నీ అడగరనీ, అందువల్ల వారి నేర్పును చెక్‌లిస్టు పట్టుకోలేదనీ బ్రయన్ హాడ్జెస్ బృందం 1999లో చూపించింది. కాబట్టి చెక్‌లిస్టుతోపాటు ఎగ్జామినర్ సమగ్ర అంచనా కూడా ఉండాలి. ప్రాణాపాయం తెచ్చే తప్పు చేస్తే మిగతా మార్కులతో నిమిత్తం లేకుండా ఆ స్టేషన్ తప్పినట్లే లెక్కించాలి.

రోగి భాష

మన విద్యార్థులు చదివేది, రాసేది ఇంగ్లీషులో. ఓపీకి వచ్చే రోగి మాత్రం ‘గ్యాస్ బిళ్ళ పరగడుపున వేసుకోవాలా?’ అని అడుగుతుంది. ‘కళ్ళు తిరిగి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి’ అని షుగరు రోగి చెబితే, అది షుగరు పడిపోవడం కావచ్చని విద్యార్థికి తట్టాలి. అందుకే కౌన్సెలింగ్ స్టేషన్లు తెలుగులో జరగాలి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఉర్దూ స్టేషన్ కూడా అవసరమే. చెప్పినదాన్ని రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగిందా లేదా అన్నదానికి విడిగా మార్కులు కేటాయించాలి.

నిర్వహణ

ముప్పైమంది బ్యాచ్‌కు పది స్టేషన్లు చాలు. ఒక్కోదానికి ఆరు నిమిషాలు, మారడానికి ఒక నిమిషం చొప్పున ఒక విడతకు 70 నిమిషాలు, మూడు విడతలకు మూడున్నర గంటలు పడుతుంది. పరీక్ష అయినవాళ్ళు, కానివాళ్ళు కలవకుండా చూడాలి. అసలు శ్రమ అంతకు ముందుంది: ప్రశ్నలు రాయడం, రోగి పాత్రధారులకు తర్ఫీదు, ఎగ్జామినర్ల మధ్య ఏకాభిప్రాయం. స్టేషన్లు బాగా తగ్గిస్తే ఫలితం నమ్మదగినది కాదు, ఎందుకంటే ఒక కేసులో రాణించినవారు మరో కేసులోనూ రాణిస్తారన్న హామీ లేదు.

ముగింపు

వార్డులో రోజూ చేసే పనిని, అంటే మిల్లర్ చెప్పిన నాలుగో మెట్టును, ఓస్కీ కొలవలేదు. దానికి ఇంటర్న్‌షిప్‌లో ప్రత్యక్ష పరిశీలనే మార్గం. అయినా ఆ ఏడాదిలోకి అడుగుపెట్టే ముందు ప్రతి విద్యార్థీ తెలుగు స్టేషన్లున్న ఓస్కీలో ఉత్తీర్ణత సాధించాలన్న నియమాన్ని మన విశ్వవిద్యాలయాలు తీసుకురావాలి. కళాశాలలు అందాకా ఆగనక్కరలేదు, సెషనల్ పరీక్షల్లోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.