దీవాన్‌ఖానా ఆవాజ్, చెవిలో ఆవాజ్

హెడ్‌ఫోన్ ఈ జమానా పిల్లల షౌక్ అనుకుంటాం గానీ వయసులో అది స్పీకర్‌కి ఆపా అవుతుంది. 1910లో అమెరికాలోని యూటాలో నథానియేల్ బాల్డ్‌విన్ తన బావర్చీఖానాలో తయారు చేసిన హెడ్‌ఫోన్లను కొన్నది అక్కడి నేవీ. అంటే మొదట అది పాటల కోసం కాదు, నౌకరీ సామాను. తర్వాత ఇళ్లలోకి వచ్చిన క్రిస్టల్ రేడియోకి స్పీకర్ మోగించే తాకత్ లేదు. చెవికి తగిలించుకుని ఒక్కరే వినాలి. అందుకే కొందరు హెడ్‌ఫోన్‌ని గిన్నెలో పడేసి, చుట్టూ తలలు వంచి వినేవారు. గిన్నె ఆ సన్నటి ఆవాజ్‌ని కాస్త పెంచేది. ఒంటరిగా వినడం వాళ్లకు షౌక్ కాదు, మజ్బూరీ.

1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఇప్పటి స్పీకర్‌కి నమూనా చూపించాక ఆ మజ్బూరీ తీరుతూ వచ్చింది.

మన ముల్క్‌లో కథ గ్రామఫోన్ బాకాతో మొదలు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డయింది. అంతకుముందు ఆ గొంతు మెహఫిల్‌కి వెళ్లగలిగిన వాళ్లకే. బాకాకి గోడ తెలీదు, పర్దా తెలీదు. దీవాన్‌ఖానాలో రికార్డు తిరిగితే జనానాలోకీ ఆవాజ్ వెళ్తుంది. ఆ తర్వాత రేడియో. 1952లో ఆలిండియా రేడియో సినిమా పాటల్ని దాదాపు పక్కన పెట్టేసిన రోజుల్లోనే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి 8 గంటలకి సెట్ ఉన్న ఇంట్లో పక్కింటివాళ్లు కూడా హాజర్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వినేది ఇల్లంతా, మీట తిప్పే చెయ్యి మాత్రం ఒక్కటే. బావర్చీఖానాలోంచి చెవులు రిక్కించే అమ్మీని ఆమె ఫర్మాయిష్ ఏంటని ఎవరడిగారు? పెద్దలు బంద్ అంటే బంద్. నాత్‌కి, కవ్వాలీకి ఇజాజత్ దొరికిన చాలా ఇళ్లలో సినిమా పాటకి దొరకలేదు. హెడ్‌ఫోన్ వచ్చాకే ఆ ఇంటి ఆడపిల్లకి తనదంటూ ఒక మెహఫిల్ దొరికింది. దీన్ని నేను చిన్న విషయంగా చూడను.

పోయిందీ ఉంది. 1958లో జాన్ కాస్ సంగీతం కోసమే స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. గదిలో రెండు స్పీకర్లుంటే ఎడమదాని ఆవాజ్ కుడి చెవికీ చేరుతుంది, గోడల్ని తాకి వస్తుంది. పాడేవాడు మన ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. పాడేవాడు మన తలకాయలో కూర్చుంటాడు. గజల్‌కి అది బాగానే ఉంటుంది. హమ్‌నవాల తాలీ, వినేవాళ్ల వాహ్ వాహ్ మీద బతికే కవ్వాలీని అలా వింటే, దావత్ బిర్యానీని టిఫిన్ డబ్బాలో ఒక్కరం తిన్నట్టు ఉంటుంది నాకైతే.

ఈ బాధ సోనీ వాళ్లకీ తెలిసింది. వాక్‌మన్ తయారవుతున్నప్పుడు కంపెనీ పెద్ద అకియో మోరిటా దాన్ని ఇంట్లో పెట్టుకుని వింటుంటే బేగం నారాజ్ అయిందట, తనని బయట నిలబెట్టినట్టుందని. అందుకే 1979 జులైలో వచ్చిన మొదటి వాక్‌మన్‌కి రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే వీలుంది. పాట మధ్యలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి నారింజ రంగు మీట కూడా ఉంది. కొన్నవాళ్లు మాత్రం ఎవరి వాక్‌మన్ వాళ్లే ఉంచుకున్నారు. తర్వాత ఆ మీట పోయింది, మెల్లగా రెండో హెడ్‌ఫోన్ రంధ్రం కూడా పోయింది.