చీలని చెక్క, వంగే విల్లు

ఇంగ్లండ్ విల్లు అనగానే చరిత్ర పుస్తకాలు యూ చెట్టు పేరే చెబుతాయి. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ యుద్ధనౌకలో దొరికిన 170కి పైగా విల్లులూ యూ చెక్కవే. ఆ కీర్తి చాటున మరుగున పడిన చెట్టు ఎల్మ్. విల్లు చెక్కగా దానిది చాలా పాత వంశం.

1944లో డెన్మార్క్‌లోని జీలాండ్ ద్వీపంలో, హోల్మెగార్డ్ చిత్తడి నేలలో పురావస్తు శాస్త్రవేత్త కార్ల్ యోహాన్ బెకర్ తవ్వకాలు జరిపితే ఎల్మ్ విల్లులు బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 9,000 ఏళ్లు. గాలి చొరబడని బురద కనుక చెక్క కుళ్లలేదు. అప్పటి డెన్మార్క్ అడవుల్లో యూ లేదు కాబట్టి వేటగాళ్లు ఉన్నదానితో సరిపెట్టుకున్నారని తేలిగ్గా అనేయొచ్చు. ఆ పనితనం చూశాక అలా అనడానికి మనసొప్పదు. నీడలో నిదానంగా పెరిగిన సన్నని మానును ఏరి, పిడి దగ్గర సన్నగా, దానికి రెండు వైపులా వెడల్పుగా, పలకలా చెక్కారు. వేల ఏళ్ల తర్వాత కూడా, ఫ్యూన్ ద్వీప తీరంలో నీట మునిగిన టిబ్రిన్ విగ్ పల్లెలో వాడినది ఎల్మ్ విల్లే.

ఆ వెడల్పులోనే కిటుకంతా ఉంది. విల్లు వంచినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, విలుకాడివైపు ముఖం నలుగుతుంది. యూ మానులో ఈ రెండు పనులకూ రెండు పొరలు పుట్టుకతోనే ఉన్నాయి: సాగడానికి బెరడు కింది తెల్ల చెక్క, నలుగుడుకు ఓర్చుకోవడానికి లోపలి చేవ. ఎల్మ్ సాగుడుకు గట్టిది, నలుగుడుకు అంత గట్టిది కాదు. యూ విల్లులా సన్నగా, మందంగా చేస్తే లోపలి ముఖం నలిగిపోయి, నారి విప్పినా విల్లు వంగే ఉంటుంది. వెడల్పు చేస్తే భారం పరుచుకుంటుంది. పైగా దాని పీచు ఒకదానిలో ఒకటి మెలివేసుకుని ఉంటుంది. బండి చక్రాల కుండలకు, కుర్చీ పీటలకు ఐరోపా వడ్రంగులు ఎల్మ్‌ను కోరుకున్నది అందుకే. దుంగ చీల్చేటప్పుడు చుక్కలు చూపించే ఆ పీచే, వింటి గురివైపు ముఖం మీద చెక్క లేవకుండా పట్టి ఉంచుతుంది.

1188లో మూడో క్రూసేడుకు జనాన్ని కూడగట్టడానికి ఆర్చిబిషప్ బాల్డ్విన్‌తో కలిసి వేల్స్ అంతా తిరిగిన జెరాల్డ్ అనే మతాచార్యుడు, గ్వెంట్ ప్రాంతపు విల్లుల గురించి రాశాడు. కొమ్ముతోనో యూతోనో కాదు, ఎల్మ్‌తో చేసినవట. నునుపు లేదు, అందం లేదు, బలం మాత్రం అపారం. అబెర్గవెన్నీ కోట ముట్టడిలో వాటి బాణాలు దాదాపు బెత్తెడు మందమున్న ఓక్ తలుపును దూసుకెళ్లాయని చెప్పాడు. కథలో కొంత పెంపు ఉన్నా, చెక్క పేరు కల్పించాల్సిన పని ఆయనకు లేదు.

మరి ఎల్మ్ మీద చిన్నచూపు ఎందుకు? ధర చాలావరకు కారణం. మంచి యూ కర్రలు సముద్రం దాటి రావాలి. 1472లో ఇంగ్లండ్ దిగుమతి సరుకు టన్నుకు నాలుగేసి వింటి కర్రలు తేవాలని చట్టమే చేశారు. రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో యూ విల్లుతో పాటు ఎల్మ్, హేజల్, యాష్ లాంటి చౌక చెక్కలతోనూ విల్లులు చేసి తీరాలన్నారు. కలిగిన ఇళ్ల పిల్లలకు తప్ప 17 ఏళ్లలోపు వారికి యూ విల్లు కూడదన్నారు. దాంతో ఎల్మ్ పేదవాడి విల్లయింది. 1545లో విలువిద్య మీద పుస్తకం రాసిన రోజర్ ఆస్కమ్ కూడా దాన్ని నాసిరకంగానే లెక్కగట్టాడు. యూకు నప్పే ఆకారంలో చెక్కిన ఎల్మ్‌ను చూసి ఇచ్చిన తీర్పు అయితే, అది చెట్టుకు చేసిన అన్యాయమే.

ఇరవయ్యో శతాబ్దంలో మరో దెబ్బ తగిలింది. బెరడు పురుగు మోసుకొచ్చే బూజు రోగం, 1960లలో ఉత్తర అమెరికా దుంగలతో మరింత ఉగ్రంగా బ్రిటన్ చేరి, కోట్లలో ఎల్మ్ చెట్లను చంపింది. అయినా ఇంగ్లీషు ఎల్మ్ వేళ్ల నుంచి పిలకలు పొలాల కంచెల్లో ఇంకా లేస్తూనే ఉన్నాయి. బెరడు మందమయ్యేదాకా పురుగు వాటి జోలికి రాదు. విల్లుకు అంత మాను చాలు.